నమీబియా కంకర రోడ్ల మీద అద్దె హైలక్స్: మూడు ట్రిప్పుల తర్వాత

నమీబియా వెళ్తున్నామంటే బెంగళూరులో తెలిసినవాళ్లంతా అడిగేది ఇసుక గురించే. బండి దిగబడితే ఎలా, ఫోర్ వీల్ డ్రైవ్ అలవాటు లేకపోతే ఎలా అని. రెండుసార్లు డబుల్ క్యాబ్ హైలక్స్ (టయోటా పికప్ బండి, రెండు వరుసల సీట్లది), ఒకసారి మామూలు టూ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని, రాజధాని విండ్‌హుక్ నుంచి సెస్రియెమ్ (ఇసుక దిబ్బల పార్కు గేటు), తీరపు ఊరు స్వాకప్‌మండ్, జంతువుల పార్కు ఎటోషా చుట్టూ తిరిగాక మేం చెప్పేది ఇది: ఆ చుట్టులో బండి నిజంగా మెత్తటి ఇసుకలో నడిచేది ఆ పార్కు లోపల దిబ్బల మధ్య ఉన్న సోసస్‌వ్లే దగ్గర చివరి 5 కిలోమీటర్లే. తారు దిగిన దగ్గర నుంచి మిగతా దారంతా కంకర. టైరు కోసేది కంకర, ముందు అద్దం పగలగొట్టేది కంకర, బండిని పల్టీ కొట్టించేదీ కంకరే. ఏ బండి తీసుకోవాలి, ఏ బీమా కట్టాలి, రోజుకి ఎంత దూరం పెట్టుకోవాలి అన్నవి ఆ లెక్కన తేల్చుకోవాలి.

దేశం ఎంతో ముందు మనసుకెక్కాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి మూడింతల నేల, జనం 30 లక్షలు. బెంగళూరు జనాభాలో సగం కూడా కాదు. ఇక్కడ కిలోమీటరుకో పంక్చర్ షాపు ఉంటుంది. అక్కడ 100 కిలోమీటర్లు పోయినా ఉండకపోవచ్చు, ఊరు దాటితే ఫోన్ సిగ్నలూ ఉండదు. బి రోడ్లు తారు, సి రోడ్లు కొన్ని తారు, ఎక్కువ కంకర, డి రోడ్లు దాదాపు అన్నీ కంకరే. మనకు కలిసొచ్చేది ఒకటుంది: అక్కడా బండి ఎడమ పక్కనే నడపాలి, స్టీరింగ్ కుడి వైపే. దుబాయ్, ఒమన్‌లలో మొదటి రెండు రోజులు పడే తికమక ఇక్కడ లేదు.

కాగితాల సంగతి బెంగళూరులోనే తెమలాలి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఓలో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. మనలో చాలామంది లైసెన్సు కర్నూలుదో విజయవాడదో అయి ఉంటుంది, ఉండేది మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో. ఆ చిరునామా తేడా చివరి వారంలో బయటపడితే చేసేదేం ఉండదు, కాబట్టి నెలన్నర ముందే చూసుకోండి. రెండోది క్రెడిట్ కార్డు. డిపాజిట్టు కోసం డెబిట్ కార్డు తీసుకోరు. కార్డు మీద పేరు, అగ్రిమెంటులో మొదటి డ్రైవరు పేరు ఒకటే కావాలి. మన కార్డుల్లో విదేశీ వాడకం యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకుంటే తప్ప పనిచెయ్యదు. లిమిట్ కూడా చూసుకోండి: బీమా తక్కువది తీసుకుంటే బ్లాక్ అయ్యే మొత్తం లక్షల్లోకి వెళ్తుంది.

ఇక బండి. మూడింటిలో మళ్లీ తీసుకునేది హైలక్సే, అదీ ఆటోమేటిక్. కారణం సుఖం కాదు. ఇసుకలో క్లచ్చు కాలిపోతే దాదాపు ఏ బీమా కిందా రాదు, మొత్తం మన జేబులోంచే. మాన్యువల్‌తో ఇసుక అలవాటు లేనివాళ్లు మొదటి గంటలోనే ఆ వాసన తెప్పిస్తారు. పొడి కాలంలో, అంటే మే నుంచి అక్టోబరు దాకా, సెస్రియెమ్, స్వాకప్‌మండ్, ఎటోషా మాత్రమే చూసేవాళ్లకి టూ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ నిజానికి సరిపోతుంది. సోసస్‌వ్లే చివరి 5 కిలోమీటర్లకి పార్కు వాళ్ల బండ్లు తిరుగుతాయి. కానీ ఆ ఎస్‌యూవీకి ఇచ్చేది ఒక్క స్టెప్నీ. హైలక్స్‌కి అడిగితే రెండు. మేం ఎక్కువ డబ్బు పెట్టింది ఫోర్ వీల్ డ్రైవ్ కోసం కంటే ఆ రెండో స్టెప్నీ కోసమే.

పైన టెంటు ఉన్న హైలక్స్‌లో నలుగురి వరకే మంచిది. ఐదుగురు, వంటసామాను, ఫ్రిజ్జు, నీళ్లు, రెండు టెంట్లు ఎక్కిస్తే వెనక స్ప్రింగులు కూర్చుంటాయి, బరువు నడినెత్తికి చేరుతుంది, మలుపులో వెనక భాగం త్వరగా జారుతుంది. అమ్మానాన్నలతో వెళ్తుంటే పైటెంటు వద్దు. జూలైలో రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది, అర్ధరాత్రి నిచ్చెన దిగడం వాళ్లకి కష్టం. హైలక్స్ తీసుకుని లాడ్జిల్లో దిగండి.

అగ్రిమెంటులో చిన్న అక్షరాలు చదవడానికి ఓ పూట కేటాయించినా తప్పులేదు. 'జీరో ఎక్సెస్' (నష్టంలో మన వాటా సున్నా) అని అమ్మేవాటిలో కూడా మినహాయింపులుంటాయి. ఇంకో బండి తగలకుండా మన బండే పడిపోతే వర్తిస్తుందా? ఈ ఒక్క ప్రశ్న మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి; కంకర మీద జరిగే ప్రమాదాలు ఎక్కువగా ఆ రకమే. టైర్లు, ముందు అద్దం కలిసిన ప్యాకేజీ తప్పకుండా కట్టండి. బండి అడుగు భాగం, నీళ్లలో దిగడం వల్ల కలిగే నష్టం, తీరంలో ఇసుకగాలికి రంగు లేచిపోవడం మామూలుగా బయటే ఉంటాయి. ఊరి బయట చీకట్లో నడపకూడదని చాలా కంపెనీలు రాస్తాయి: కూడూ, ఓరిక్స్ లాంటి పెద్ద జంతువులు రోడ్డు మీదికొస్తాయి. కంకర మీద చట్టం గంటకి 100 కిలోమీటర్ల వేగం దాకా ఒప్పుకున్నా అగ్రిమెంట్లలో 80 అనే ఉంటుంది. బండిలో ట్రాకర్ పెట్టి ఉంటారు. ప్రమాదం జరిగాక ఆ లెక్క తీసి 92 అని తేలితే బీమా రద్దు.

బండి అప్పగించేటప్పుడు రెండు గంటలు పడుతుందనుకోండి. పొద్దున దిగిన విమానం అలసటతో సంతకం పెట్టేసి బయలుదేరడమే పెద్ద తప్పు. టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదేళ్లు దాటిన టైరు ఉంటే మార్చమనండి. రెండు స్టెప్నీల గాలీ కొలిపించండి. ఒక ట్రిప్పులో ఇచ్చిన రెండో స్టెప్నీలో గాలి సగమే ఉంది, మన గేజి పెట్టి చూస్తే తప్ప తెలియలేదు. జాకీ తీసి ఒక చక్రం నిజంగా లేపించి చూడండి: ఎత్తు పెంచిన సస్పెన్షన్‌కి ఒక్కోసారి పాత జాకీ అందదు. వీల్ స్పానర్ నట్లకి పడుతుందా, కింది స్టెప్నీని దించే పొడుగు కడ్డీ ముక్కలన్నీ ఉన్నాయా, కంప్రెసర్ ఆడుతుందా చూడండి. ముందు అద్దం మీద చుక్కంత దెబ్బ ఉన్నా ఫారంలో రాయించండి.

గాలి గురించి కాస్త వివరంగా. లోడు ఉన్న హైలక్స్‌కి మేం వాడినవి: తారు మీద 32 నుంచి 35 పీఎస్ఐ, కంకర మీద 26 నుంచి 29, ఇసుకలో 17 నుంచి 20. కంపెనీ వేరే అంకె చెబితే అదే పాటించండి, ఎందుకంటే టైరు రకాన్ని బట్టి మారుతుంది. గాలి కొంచెం తగ్గిస్తే పదునైన రాయి తగిలినప్పుడు టైరు లోపలికి వంగి దాన్ని మింగేస్తుంది. బిగుతుగా ఉంటే రాయి దిగిపోతుంది. అలాగని మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ ఉబ్బి రాళ్ల అంచుకి అందుతుంది, వేగంలో వేడెక్కి చిరుగుతుంది. సైడ్‌వాల్ కోతకి ప్యాచ్ పనికిరాదు, టైరు పోయినట్టే. కొలత ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలక ముందు. మధ్యాహ్నం గేజి 4, 5 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది వేడి వల్ల. అప్పుడు గాలి తీయకండి.

కంకర మీద నడపడం మన క్వారీ రోడ్ల మీద నడపడం లాంటిది కాదు. క్వారీ రోడ్డు మీద మెల్లగా పోతాం. ఇక్కడ రోడ్డు వెడల్పు, తిన్నగా కనిపిస్తుంది, వేగం తెలియకుండా పెరుగుతుంది. బండ్లు నడిచి నడిచి రోడ్డు అడ్డంగా రేకుల కప్పులా గీతలు పడుతుంది. 40లో పళ్లు కొట్టుకుంటాయి, 70 దాటితే హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం: అప్పుడు టైరు గీతల శిఖరాల మీదే తేలుతోంది, నేల పట్టు పోయింది. తిన్నగా ఉన్నంతసేపూ తెలియదు. మలుపులోనో, జంతువు అడ్డొచ్చినప్పుడో తెలుస్తుంది. తారు దిగగానే హెచ్4 (మామూలు వేగాలకి ఫోర్ వీల్ డ్రైవ్) వేయండి, నడుస్తుండగానే పడుతుంది, వెనక చక్రాలు జారడం చాలా తగ్గుతుంది. తారు ఎక్కగానే తీసేయండి, లేకపోతే గేర్ల మీద భారం పడుతుంది. మేం 70 దగ్గరే ఉంటాం, గుట్టల దగ్గర 50.

వెనక భాగం జారడం మొదలైతే యాక్సిలరేటర్ మీద కాలు తీయండి, బ్రేకు ముట్టుకోకండి, ముందు చక్రాలు వెళ్లాల్సిన వైపు మెత్తగా తిప్పండి. పల్టీలు పడేది మొదటి జారుడుకి కాదు, కంగారుగా స్టీరింగు రెండోసారి ఎదురు తిప్పినప్పుడు. జంతువు వస్తే పక్కకి కోయకుండా తిన్నగా బ్రేకు వేయండి. ఎదురుగా బండి వస్తే 50కి తగ్గి ఎడమకి జరగండి, హెడ్‌లైట్లు పగలంతా వెలగనివ్వండి. ముందు బండి దుమ్ములో ఓవర్‌టేక్ చెయ్యొద్దు. టీ తాగడానికి పది నిమిషాలు ఆగితే దుమ్మే వెళ్లిపోతుంది.

మ్యాపు చెప్పే సమయం నమ్మకండి. సగటు గంటకి 60 వేసుకోండి. విండ్‌హుక్ నుంచి సెస్రియెమ్ 350 కిలోమీటర్ల లోపే, ఐదారు గంటలు. సెస్రియెమ్ నుంచి సాలిటేర్, క్విసెబ్ కనుమ మీదుగా వాల్విస్ బే దారీ అంతే. రోజుకి 350 దాటితే చీకటి పడుతుంది. సాలిటేర్‌లో డీజిలు, టైరు రిపేరు రెండూ ఉంటాయి. ట్యాంకు సగమైతే చాలు, కనబడిన బంకులో నింపేయండి. కార్డు మెషిన్ పనిచేయని రోజులుంటాయి, నగదు ఉంచుకోండి. దక్షిణాఫ్రికా ర్యాండు కూడా అదే విలువకి చెల్లుతుంది.

పంక్చరు పడుతుందనే అనుకుని వెళ్లండి. చక్రం మార్చడం బెంగళూరులోనే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒకసారి చేసి చూడండి, ఇంట్లో నడిపే ఇద్దరూ. అక్కడ క్రమం ఇది: గట్టి నేల దాకా మెల్లగా తీసుకెళ్లి ఆపి, చక్రాలకి రాళ్లు అడ్డుపెట్టండి. జాకీ ఎత్తక ముందే ఆరు నట్లూ అర తిప్పు వదులు చేయండి. జాకీ కింద చెక్క పెట్టండి, లేకపోతే కంకరలో దిగిపోతుంది. కొత్త చక్రం పెట్టాక నట్లు ఎదురెదురుగా బిగించండి, 50 కిలోమీటర్లు పోయాక మళ్లీ బిగించండి. ఆ చివరి పని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఒక స్టెప్నీ వాడాక తర్వాతి ఊళ్లో టైరు బాగుచేయించుకునే దాకా డి రోడ్లు మానేయండి.

సోసస్‌వ్లే ఇసుక నిజానికి తేలిక. 60 కిలోమీటర్ల తారు అయ్యాక ఆగి, గాలి 18కి దించి, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే ఇంజను బలం తగ్గించే ఏర్పాటు) ఆపి, హెచ్4లో ఒకే వేగంతో పాత చక్రాల జాడలో పోవాలి. కూరుకుపోతే చక్రాలు తిప్పుతూ కూర్చోకండి, ఇంకా లోతుకి పోతుంది. టైర్ల ముందూ వెనకా ఇసుక చేత్తో తోడి, వచ్చిన జాడలోనే రివర్సు రండి. తిరిగి తారు మీదికి రాగానే గాలి నింపాలి; ఇంజను ఆన్‌లో ఉంచి కంప్రెసర్ పెట్టండి. పక్కనే ఎండు చెట్లు నిలిచి ఉన్న డెడ్‌వ్లేలో ఫోటోలకి మంచి వెలుతురు కావాలంటే పార్కు లోపలి క్యాంపులో దిగాలి. బయటి గేటు సూర్యోదయానికి తెరుస్తారు, లోపలివాళ్లని అంతకు గంట ముందే వదులుతారు.

వానల్లో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, రోడ్డుకి అడ్డంగా ఎండు వాగులు ఉన్నట్టుండి పారతాయి. రాయలసీమ వాగుల తీరే. నీళ్లు తగ్గేదాకా కూర్చోవడమే.

క్యాంపు సామానులో గ్యాసు పొయ్యి బాగుంటుంది, గిన్నెలే పల్చన. రెండు లీటర్ల చిన్న కుక్కరు, కందిపొడి, కందిపప్పు ఇక్కడి నుంచే పట్టుకెళ్తే విండ్‌హుక్ సూపర్‌మార్కెట్ బియ్యంతో వారం గడుస్తుంది. ఫ్రిజ్జు రెండో బ్యాటరీ మీద నడుస్తుంది, అది బండి నడిస్తేనే ఛార్జవుతుంది; ఒకేచోట రెండు రాత్రులు ఉంటే మధ్యలో ఓ గంట తిప్పండి. వెనక డబ్బాలోకి దుమ్ము రాకుండా ఆపడం మూడుసార్లూ కుదరలేదు. బట్టలు పెద్ద చెత్త సంచుల్లో కట్టి పెట్టడమే మార్గం. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు పశువుల రోగాలు పాకకుండా వేసిన పశువైద్య కంచె దగ్గర పచ్చి మాంసం తీసేసుకుంటారు, ముందే వండేసుకోండి.

తిరిగి ఇచ్చే రోజు విమానానికి ఐదు గంటల ముందే వెళ్లండి. బండి కడిగించాకే తనిఖీ చేయిస్తామని చెప్పండి. దుమ్ము కింద దాగిన గీతల బిల్లు బెంగళూరు చేరాక మెయిల్‌లో వస్తుంది. దారిలో టైరు బాగుచేయించిన రసీదు, తీసుకున్న రోజు వీడియో, సంతకం పెట్టిన ఫారం డిపాజిట్టు కార్డు మీద విడుదలయ్యే దాకా దాచండి.