సిమ్‌హెచ్ సమీక్ష: యూఎస్ఆర్, ఈటీసీల పుట్టింటికి వెళ్ళి చూశాను

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకున్న రోజుల్లో నేను రాసుకున్న నోట్సులో, లినక్స్ తన ఫైళ్ళను అమర్చుకునే డైరెక్టరీల్లో (ఫోల్డర్లలో) యూఎస్ఆర్ (usr) అంటే ‘యూనిక్స్ సిస్టమ్ రిసోర్సెస్’ అనీ, ఈటీసీ (etc) అంటే ‘ఎడిటబుల్ టెక్స్ట్ కాన్ఫిగరేషన్’ అనీ ఉంది. ఇంటర్వ్యూలో అడిగితే అదే చెప్పమన్నారు, నేనూ అదే చెప్పాను, ఉద్యోగమూ వచ్చింది. ఆ రెండూ పేర్లు పుట్టిన చాలా ఏళ్ళకు ఎవరో తీరిగ్గా అల్లిన విస్తరణలని, సిమ్‌హెచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లినక్స్‌కు మాతృక లాంటి 1975 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి, అందులోని డైరెక్టరీలను స్వయంగా తెరిచి చూసిన తర్వాత గానీ నాకు నమ్మకం కుదరలేదు.

సిమ్‌హెచ్ పాత కంప్యూటర్లను మన ల్యాప్‌టాప్‌లో అనుకరించే ప్రోగ్రాము. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉన్నత పదవిలో పనిచేసిన బాబ్ సప్నిక్ దీన్ని 1993లో మొదలుపెట్టారు. 2022లో లైసెన్సు గురించి వచ్చిన వివాదంతో ఓపెన్ సిమ్‌హెచ్ అనే శాఖ విడిపోయింది. ఇందులో నడపడానికి కావలసిన డిస్కు ప్రతులను యూనిక్స్ హెరిటేజ్ సొసైటీ భద్రపరిచింది. ఏడవ ఎడిషన్ వరకూ ఉన్న యూనిక్స్‌లను కాల్డెరా సంస్థ 2002 జనవరిలో ఉదారమైన లైసెన్సుతో విడుదల చేసింది కాబట్టి, వాటిని దించుకోవడానికి సంకోచించనక్కరలేదు.

నేను 1975 నాటి ఆరవ ఎడిషన్‌తో మొదలుపెట్టాను. యంత్రం డిజిటల్ కంపెనీ వారి పీడీపీ-11/40 కంప్యూటర్ అని సిమ్‌హెచ్‌కు చెప్పి, దానికి వాడే ఆర్‌కే05 డిస్కు ప్రతిని తగిలించి బూట్ చేస్తే, తెరమీద ఒకే ఒక్క ‘@’ గుర్తు వచ్చి ఆగిపోతుంది. అక్కడ ‘యూనిక్స్’ అని టైపు చేయాలి. ఆ సంగతి తెలియక, ఏదో వెబ్ పేజీలోని తప్పు సూచనలను పట్టుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. రూట్‌గా (అన్ని అధికారాలున్న నిర్వాహకుడిగా) లాగిన్ కావడానికి పాస్‌వర్డ్ అక్కరలేదు. డైరెక్టరీ మారడానికి అలవాటుకొద్దీ ‘సీడీ’ కొడితే అలాంటి ఆదేశమే లేదంటుంది, ఎందుకంటే ఆ రోజుల్లో దాని పేరు ‘సీహెచ్‌డీఐఆర్’. తప్పు కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏదీ చెరగదు. అక్షరం చెరపాలంటే ‘#’ కొట్టాలి, అదీ తెరమీద ముద్రపడి అలాగే ఉండిపోతుంది. ఆ రోజుల్లో తెరకు బదులు వాడిన, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైప్‌కు చెరపడం చేతకాదు కదా. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు పది అక్షరాలకు మించి కొట్టలేదు కాబట్టి పేర్లను కుదించడంలో అర్థముంది. అయితే ఫైలు పేరుకు పద్నాలుగు అక్షరాల దాకా అవకాశమున్నా ‘యూజర్’ అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాల మాటలో ఒక్కటి తగ్గించి యూఎస్ఆర్ చేశారంటే, అది అవసరం కన్నా అలవాటే అనిపిస్తుంది.

యూఎస్ఆర్ అంటే అచ్చంగా యూజర్లే. యూనిక్స్ సృష్టికర్తలు డెన్నిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో ప్రచురించిన పరిశోధనా పత్రం ప్రకారం, బెల్ ల్యాబ్స్‌లోని వారి యంత్రంలో రూట్ డైరెక్టరీ (అన్నిటికీ పైన ఉండే డైరెక్టరీ) ఒక మెగాబైటు స్థిరమైన డిస్కు మీదా, యూజర్ల ఫైళ్ళు తర్వాత మౌంట్ చేసే (వ్యవస్థకు తగిలించే) పెద్ద డిస్కు మీదా ఉండేవి. చిన్న డిస్కులో చోటు చాలక ప్రోగ్రాములు కూడా యూజర్ల డిస్కులోకి చేరడంతో ప్రోగ్రాములుండే బిన్ ఉండగా యూఎస్ఆర్ కింద ఇంకో బిన్, లైబ్రరీలుండే లిబ్ ఉండగా ఇంకో లిబ్ పుట్టుకొచ్చాయి. డిస్కును మౌంట్ చేసే ప్రోగ్రాము ఆ డిస్కులోనే ఉంటే తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టే కాబట్టి, అత్యవసరమైనవి మాత్రం రూట్‌లోనే మిగిలాయి. ఈ ఇరుకు ఎలాంటిదో సిమ్‌హెచ్‌లో కళ్ళారా కనిపిస్తుంది. ఆర్‌కే05 డిస్కులో 512 బైట్ల బ్లాకులు 4,872 ఉంటాయి, అంటే సుమారు రెండున్నర మెగాబైట్లు. అందులో 4,000 బ్లాకులు ఫైళ్ళకు, మిగిలిన 872 స్వాప్‌కు (మెమరీలో పట్టనివాటిని తాత్కాలికంగా ఉంచే చోటుకు). నా ఫోన్‌తో తీసిన ఒక ఫొటో అందులో పట్టలేదు. ఆనాటి ఈ సర్దుబాటు దశాబ్దాల పాటు శాసనంలా చెలామణి అయి, 2012లో ఫెడోరా 17 అనే లినక్స్ రెండు బిన్‌లనూ కలిపేదాకా మనందరి డిస్కుల్లోనూ కొనసాగింది.

ఈటీసీ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అది కాన్ఫిగరేషన్‌ది మాత్రమే అయితే మౌంట్, ఇనిట్, గ్లాబ్ వంటి ప్రోగ్రాములు అక్కడ ఉండనక్కరలేదు. ఆరవ ఎడిషన్‌లో అవన్నీ పాస్‌వర్డ్ ఫైలు పక్కనే ఉన్నాయి. ‘ఎట్ సెటెరా’, అంటే వగైరా: మరెక్కడా ఇమడని సామానంతా చేరే అటక. ఏడవ ఎడిషన్ మాన్యువల్ కూడా దాన్ని ముఖ్యమైన సమాచారానికీ ప్రమాదకరమైన నిర్వహణ ప్రోగ్రాములకూ చోటుగానే వర్ణిస్తుంది. యంత్రం మొదలైనప్పుడు నడిచే, అక్కడి ‘ఆర్‌సీ’ ఫైలు పేరు మాత్రం యూనిక్స్‌ది కాదు, ఎంఐటీ వారి సీటీఎస్ఎస్ అనే అంతకు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ‘రన్‌కామ్’ నుంచి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపింది యూఎస్ఆర్ కింద ‘సిస్’లో ఉన్న రెండు డైరెక్టరీలు: ‘కెన్’, ‘డీఎంఆర్’. యూనిక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ సోర్స్ కోడ్ విషయాన్ని బట్టి కాక ఇద్దరు మనుషుల పేర్ల మీద విడిపోయి ఉంది. కెన్ అంటే కెన్ థాంప్సన్, డీఎంఆర్ అంటే డెన్నిస్ రిచీ లాగిన్ పేరే. డిస్కుల వంటి పరికరాలను నడిపే డివైస్ డ్రైవర్లు రిచీ అంటే ఆయన వాటాలో కనిపిస్తాయి. ఏడవ ఎడిషన్‌కు వచ్చేసరికి ఇవి ‘సిస్’, ‘డెవ్’ అనే పెద్దమనిషి తరహా పేర్లుగా మారిపోయాయి.

సిమ్‌హెచ్‌కు నేను ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. యంత్రాన్ని నమ్మకంగా అనుకరిస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, ఇది పీడీపీ-11 గురించి ఎంతో కొంత తెలిసినవారికోసమే రాసినట్టు ఉంటుంది. మెనూలు లేవు, కొత్తవారికి చేయి పట్టుకుని దారి చూపే ఏర్పాటూ లేదు. ఎడిటర్ ‘ఈడీ’ ఒక్కటే గతి కాబట్టి దాన్ని ముందే కాస్త నేర్చుకోండి. డిస్కు ప్రతికి నకలు తీసి పెట్టుకుని, ముగించే ముందు, మెమరీలో ఉన్నదాన్ని డిస్కులోకి రాయించే ‘సింక్’ ఆదేశం ఇచ్చి, తర్వాతే కంట్రోల్-ఈ నొక్కి యంత్రాన్ని ఆపండి. నేను తొందరలో అది మరిచి విండో మూసేయడం వల్ల, అప్పటిదాకా రాసుకున్న ఫైళ్ళు రెండు పోయాయి.