పాత కెవ్లార్ కెనూ కొంటున్నారా? కొత్త రంగు వేసిన పడవతో జాగ్రత్త

బౌండరీ వాటర్స్ ట్రిప్పుల కోసం సెకండ్‌హ్యాండ్ కెనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) వెతుకుతున్న మన మిన్నెసోటా తెలుగువాళ్ళందరికీ ఇది రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను. అడుగున కొత్తగా రంగు వేసిన కెవ్లార్ (తేలికైన, గట్టి కృత్రిమ నార) పడవ కనిపిస్తే, తూకం వేసి చూడకుండా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. నేను ఇచ్చాను. 1,600 డాలర్లు పోయాయి. డబ్బు పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకోవచ్చు. మా ఆవిడనీ, పదకొండేళ్ళ మా అబ్బాయినీ ఆ పడవలో కూర్చోబెట్టి అడవి మధ్యకి తీసుకెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇటు కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. బౌండరీ వాటర్స్ అంటే కెనడా సరిహద్దు పొడవునా 10 లక్షల ఎకరాలకు పైగా అడవి, అందులో వెయ్యికి పైగా సరస్సులు. చాలా సరస్సుల్లో మోటారు పడవలు నిషేధం. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పడవని నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళాలి. దాన్నే పోర్టేజ్ అంటారు. దూరాలు ఇక్కడ రాడ్లలో చెబుతారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, 80 రాడ్లయితే పావు మైలు. పావు మైలే కదా అనిపిస్తుంది కానీ బండరాళ్ళ మీద, చెట్ల వేళ్ళ మీద, మోకాలి లోతు బురదలో నడవాలి. 17 అడుగుల అల్యూమినియం కెనూ 70 పౌన్ల పైనే ఉంటుంది. కెవ్లార్‌లో అల్ట్రాలైట్ రకం అంతకంటే పొడవున్నా 40 పౌన్లకు కాస్త అటూ ఇటూ. మధ్యలో భుజాల మీద ఆనడానికి ఒక అడ్డకర్ర ఉంటుంది. యోక్ అంటారు, మన ఎద్దుల మెడ మీద కాడి లాంటిదే. ఆ కాడి భుజాన పెట్టుకున్నవాడికి ఒక్కో పౌనూ తెలుస్తుంది.

రెండేళ్ళు అద్దె పడవలతో వెళ్ళాం. కొత్తది కొందామంటే మూడు వేల డాలర్ల పైమాటే. కిందటి ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన కనబడింది. పద్దెనిమిదిన్నర అడుగుల కెవ్లార్ కెనూ, 2016 మోడల్, 42 పౌన్లు, ధర 1,600. ఆ ఆదివారమే వెళ్ళాం. అమ్మే ఆయన గ్యారేజీలో రెండు స్టాండ్ల మీద పడవ బోర్లించి పెట్టాడు. ముదురు ఆకుపచ్చ రంగు, నిగనిగలాడుతోంది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. అల్ట్రాలైట్ కెవ్లార్ మామూలుగా రంగు లేకుండా, బంగారు రంగు బట్ట నేత కనిపించేలా ఉంటుందని నాకు తెలుసు. అందుకే రంగు ఎందుకు వేశారని అడిగాను. "ఎండకి కెవ్లార్ పాడైపోతుంది, అందుకే వేశాను" అన్నాడు. ఎండకి కెవ్లార్ దెబ్బతినడం నిజమే. అందుకే నమ్మాను. సగం నిజం చెప్పేవాడిని పట్టుకోవడం చాలా కష్టమండీ.

అప్పుడు మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, సరదాగా మాతో వచ్చింది. మేం బేరం మాట్లాడుతుంటే ఆవిడ పడవ చుట్టూ తిరుగుతూ, సంతలో కుండ కొనేటప్పుడు చూసినట్టు వేలి కణుపుతో కొట్టి చూస్తోంది. ఒక చోట టకటకమని గట్టిగా వినబడింది. ఇంకో చోట, సరిగ్గా మధ్య సీటు కింద వచ్చే భాగంలో, తడి గోనె మీద కొట్టినట్టు బొదబొదమంది. "ఒరేయ్ నాన్నా, ఇక్కడ చప్పుడు చచ్చినట్టుందిరా, చూసుకున్నావా?" అంది. "ఇది కుండ కాదమ్మా" అని చెప్పి డబ్బు లెక్కపెట్టాను. రసీదులో "యాజ్ ఈజ్" అని రాసి నా చేత సంతకం చేయించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను, తర్వాత అడగను అని దానర్థం.

జూన్‌లో ఈలీ ఊరి మీదుగా లేక్ వన్ అనే సరస్సుకి వెళ్ళాం. లేక్ వన్ నుంచి లేక్ టూకి రెండు చిన్న పోర్టేజీలు. మొదటి దానిలోనే పడవ ఎత్తుకోగానే మెడ నొక్కేసినట్టయింది. చాలా రోజుల తర్వాత కదా, అలవాటు తప్పింది అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం లేక్ త్రీలో గాలి లేచింది. అక్కడ నీళ్ళు విశాలంగా ఉంటాయి, అలలు బాగా వస్తాయి. పడవ నిలకడ కోసం సీటు దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా కుడి మోకాలి కింద పడవ అడుగు మెత్తగా కుంగింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఊపిరి తీసుకుంటున్నట్టు పైకీ కిందకీ కదులుతోంది. కాసేపటికి సన్నగా చిట్లిన శబ్దం వచ్చింది. బాబు కాళ్ళ దగ్గర నీళ్ళు చేరడం మొదలైంది. లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయి, ఒడ్డు దూరం కాదు, దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు.

క్యాంపు దగ్గర బోర్లించి చూస్తే అరచేయంత పగులు. బొటనవేలితో పక్కన నొక్కితే పగుల్లోంచి గోధుమరంగు నీళ్ళు కారాయి, మురికి వాసనతో. అవి అప్పుడే చేరిన సరస్సు నీళ్ళు కావు, ఎప్పటి నుంచో లోపల నిల్వ ఉన్నవి. ఫోన్ సిగ్నల్ లేదు. డక్ట్ టేపు నాలుగు వరసలు వేసి, మర్నాడు గాలి లేవకముందే తెల్లవారుజామున ఒడ్డు పట్టుకుని వెనక్కి వచ్చేశాం. దారిలో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, గిన్నెతో నీళ్ళు తోడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక బాత్రూం స్కేలు మీద తూచాను. 58 పౌన్లు! 42 అన్నాడు. రంగు గోకితే కింద మూడు పెద్ద అతుకులు. రిపేరు చేసే ఒకాయనకి చూపిస్తే విషయం అర్థమైంది. ఈ పడవల అడుగున రెండు కెవ్లార్ పొరల మధ్య నురుగు పలక ఉంటుంది, తక్కువ బరువులో గట్టిదనం వచ్చేది దాని వల్లే. ఎప్పుడో రాయికి కొట్టుకుని పై పొర చిట్లింది, లోపలికి నీళ్ళు చేరాయి. మిన్నెసోటా చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి, వ్యాకోచించి, పొరని నురుగు నుంచి ఊడదీశాయి. దాని మీద అతుకులు వేసి, అతుకుల మీద రంగు పూశారు. తడిసిన భాగమంతా కోసి మళ్ళీ కట్టాలంటే పడవ ఖరీదుకి మించుతుందన్నాడు. పడవ వెనక కుడివైపు అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే హల్ నంబర్ (పడవ గుర్తింపు సంఖ్య) ఉంటుంది, దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అది కూడా రంగు కింద కప్పేశారు. గోకి చూస్తే చివర 07. పడవ అమ్మినాయనకి ఫోన్ చేస్తే, మీరు సంతకం పెట్టారు కదా అని పెట్టేశాడు.

కాబట్టి మీరు పడవ చూడటానికి వెళ్ళేటప్పుడు బాత్రూం స్కేలు కారులో వేసుకెళ్ళండి. ముందు మీరొక్కరే నిలబడి బరువు చూసుకోండి, తర్వాత పడవని ఎత్తుకుని నిలబడండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసెయ్యండి. ఆ మోడల్ బరువు కంపెనీ వాళ్ళ సైటులో ఉంటుంది. రెండు మూడు పౌన్ల తేడా పరవాలేదు. పది దాటితే ఎంత తియ్యగా చెప్పినా వినకండి, తిరిగి వచ్చేయండి. తర్వాత మా అమ్మ చేసినట్టు కొట్టి చూడండి. నాణెంతో అయితే ఇంకా బాగా తెలుస్తుంది. నురుగు ఉన్న భాగమంతా అంగుళం అంగుళం కొడుతూ వెళ్ళండి, చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ ఆగి బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా ఉంటే అంతే. లోపలి వైపు టార్చి వేసి నల్లటి మరకలున్నాయేమో చూడండి. హల్ నంబర్ కనబడకపోతే, రిజిస్ట్రేషన్ కార్డు తర్వాత పంపిస్తానంటే, అక్కడితో మాటలు ఆపేయండి.

ఇంకో సంగతి. గీతలు చూసి భయపడకండి. బంగారు రంగు పడవ మీద తెల్లటి గీతలు ఎన్ని ఉన్నా, వేలికి తగలని లోతువైతే అవి పై పూత మీదివే. వాడిన పడవకి గీతలు ఉండాలి. ఒక్క గీత కూడా లేని పాత పడవే నన్ను ముంచింది. ఈలీ, గ్రాండ్ మరే ఊళ్ళలో పడవలు అద్దెకిచ్చే అవుట్‌ఫిట్టర్లు సీజన్ చివర్లో తమ కెవ్లార్ పడవలు అమ్మేస్తారు. చూడటానికి గీతలమయంగా ఉంటాయి. కానీ ఎక్కడ దెబ్బ తగిలింది, ఎప్పుడు బాగుచేశారు అని అడిగితే చూపించి చెబుతారు, కావాలంటే నీళ్ళ మీద వేసి చూడనిస్తారు. నాకు మళ్ళీ కొనే ధైర్యం వస్తే అక్కడే కొంటాను.

ఆ ఆకుపచ్చ పడవ ఇంకా మా గ్యారేజీలోనే ఉంది. ఇంకొకరికి అమ్మమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు, నేను అమ్మను. ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) ఎవరైనా కెవ్లార్ పడవ చూడటానికి వెళ్తుంటే ముందు మా ఇంటికి రండి. పాడైన చోట చప్పుడు ఎలా ఉంటుందో దీని మీద కొట్టి విని వెళ్ళండి. శనివారమైతే స్కేలు పట్టుకుని నేనూ వస్తాను.