ప్రపంచ కప్ లైవ్: యాంటెన్నా, డిష్, యాప్‌లలో అభిమానికి ఏది మేలు?

ప్రపంచ కప్ దగ్గరపడుతోందంటే చాలామంది తెర ఎన్ని అంగుళాలు, 4కే ఉందా లేదా అన్న లెక్కల్లో పడతారు. అవీ చూడాల్సినవే. కానీ ఆ రాత్రి మీ ఇంట్లో కేక పుడుతుందా, పుట్టకముందే చల్లారిపోతుందా అన్నది తేల్చే లెక్క వేరు. స్టేడియంలో పడ్డ గోలు ఎన్ని సెకన్లకు మీ తెర మీద పడుతోంది? పక్కింటివాళ్లు ముందే అరిచేశాక ఎంత పెద్ద తెరలో చూసినా చప్పగానే ఉంటుంది. అందుకే యాంటెన్నానైనా, డిష్ లేదా కేబుల్‌నైనా, ఇంటర్నెట్ యాప్‌నైనా ముందు ఈ ఆలస్యం దగ్గరే తూచాలి.

2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్ తీసుకోండి. డిసెంబరు 18, లుసైల్ స్టేడియం. అర్జెంటీనా 2-0తో ముందుంది. 80వ నిమిషంలో ఫ్రాన్స్ తరఫున ఎంబాపె పెనాల్టీ కొట్టాడు. 97 సెకన్లు తిరక్కుండానే రెండో గోలూ కొట్టేశాడు, అదీ గాల్లో ఉన్న బంతిని ఉన్నట్టే తన్ని. మీ యాప్ 40 సెకన్లు వెనక ఉందనుకుంటే, ఆ రెండో గోలుకి వీధి దద్దరిల్లేసరికి మీ తెర మీద మొదటి గోలు పడి ఇంకా నిమిషం కూడా కాలేదు. పెనాల్టీ షూటౌట్‌లో మరీ అన్యాయం. ఆటగాడు మధ్య వృత్తం నుంచి నడిచొచ్చి, బంతి పెట్టుకుని, కొట్టేసరికి సుమారు అర నిమిషం పడుతుంది. మీ తెర మీద అతను అడుగు కదపకముందే ఆ కిక్కు ఏమైందో పక్కవాళ్లకు తెలిసిపోయి ఉంటుంది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ బంతికీ బంతికీ మధ్య గ్యాప్ కూడా దాదాపు అంతే. 2019 క్రికెట్ ఫైనల్‌లో సూపర్ ఓవర్ ఆఖరి బంతికి న్యూజిలాండ్ బ్యాటర్ గప్టిల్ రనౌట్ అయ్యాడు. అలాంటి చోట ఒక బంతి వెనక ఉండటమంటే కప్పు ఎవరికి పోయిందో వినేశాక ఆట చూడటమే.

ఈ ఆలస్యానికి ఉపగ్రహం దూరమే కారణమని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికి పావు సెకను చాలు. మిగతా సమయమంతా వీడియోను కుదించే ఎన్‌కోడర్లలో, కామెంటరీ, ప్రకటనలు కలిపే చోట, మీ బాక్సు దాన్ని విప్పే చోట పోతుంది. అంతా కలిపి యాంటెన్నాకు కొద్ది సెకన్లు, డిష్‌కైనా కేబుల్‌కైనా మామూలుగా 5 నుంచి 10 సెకన్లు.

యాప్ దారి వేరు. అది వీడియోను ముక్కలుగా కోసి పంపుతుంది. ఎక్కువ యాప్‌లు వాడే హెచ్ఎల్ఎస్ పద్ధతిలో ఒక్కో ముక్క 6 సెకన్లు ఉండాలని దాన్ని తయారుచేసిన యాపిల్ సిఫారసు. మధ్యలో ఆగకూడదని యాప్‌లో వీడియో నడిపే ప్లేయర్ సాధారణంగా మూడు ముక్కలు దగ్గర పెట్టుకున్నాకే మొదలుపెడుతుంది. అక్కడికే 18 సెకన్లు. ముక్క తయారయ్యి, సర్వర్ల మధ్య తిరిగి, మీ దాకా వచ్చే సమయం కలిస్తే 30, 40 దాటడం మామూలే. ఆ ముక్కనే ఇంకా చిన్న తునకలుగా పంపే లో లేటెన్సీ (తక్కువ ఆలస్యం) పద్ధతిని 2019లోనే ప్రకటించారు. దాన్ని సరిగ్గా వాడుకునే యాప్ డిష్‌కు దగ్గరగా వస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ మాట కనపడితే ఆన్ చేసుకోండి. కాకపోతే దగ్గర నిల్వ తక్కువుంటుంది కాబట్టి నెట్ కాస్త తడబడినా చిత్రం ఆగిపోతుంది. వైఫై బలహీనంగా ఉన్న ఇంట్లో అది మంచి బేరం కాదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. యాప్‌లో ఆలస్యం మ్యాచ్ మొదట్లో ఉన్నంతే చివరిదాకా ఉండదు, పెరుగుతూ పోతుంది. బఫరింగ్ గుండ్రం ఐదు సెకన్లు తిరిగిందంటే, చాలా ప్లేయర్లు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతాయి. ఆ ఐదు సెకన్లూ పాత ఆలస్యం మీద కలిసిపోతాయి. మీరు పాజ్ చేసి లేచి వచ్చినా అంతే. రెండో సగానికి వచ్చేసరికి 30 సెకన్లు కాస్తా నిమిషమవుతుంది. తెర కింద 'లైవ్' అన్న గుర్తు పక్కన ఎర్ర చుక్క బూడిద రంగులోకి మారిందేమో చూడండి. మారితే దాన్ని నొక్కితే ముందుకు దూకుతుంది. ఆ నొక్కడం రెండు ఓవర్ల మధ్యలోనో, బంతి బయటికి పోయినప్పుడో చేయాలి తప్ప కార్నర్ కిక్ కొట్టబోతుండగా కాదు, ఎందుకంటే దూకేటప్పుడు ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడుతుంది.

మీ యాప్ ఎంత వెనక ఉందో తెలుసుకోవాలంటే మామూలు రోజు లైవ్ మ్యాచ్ ఏదైనా చాలు. టీవీలో డిష్, ఫోన్‌లో యాప్ పక్కపక్కనే పెట్టండి. టీవీలో బౌలర్ చేతి నుంచి బంతి వదలగానే స్టాప్‌వాచ్ నొక్కి, అదే బంతి ఫోన్‌లో వదిలినప్పుడు ఆపండి. మూడు నాలుగు సార్లు చూస్తే సగటు తెలుస్తుంది. ఆ తేడా పది సెకన్ల లోపుంటే ఫైనల్‌కి కూడా ఆ యాప్‌ను నమ్మొచ్చు. టీవీని గేమ్ మోడ్‌లో పెడితే ఆలస్యం తగ్గుతుందని కొందరు చెబుతుంటారు. అది తగ్గించేది సెకనులో చిన్న భాగమే, ఇక్కడ దానితో ఒరిగేదేమీ లేదు.

ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు మ్యాచ్ సేపు పూర్తిగా ఆపేయండి. స్కోరు అంటే నాలుగు అంకెల డేటా. దానికి కుదించడం, ముక్కలు చేయడం ఉండవు, వీడియో కంటే ముందే వచ్చేస్తుంది. చేతి గడియారానికి వచ్చేవి, స్నేహితుల గ్రూపులో వచ్చేవి కూడా ఈ లెక్కలోవే. ఇంట్లో రెండు గదుల్లో రెండు దారుల్లో చూస్తుంటే, వెనక ఉన్న గదిలో కూర్చున్నవాళ్ల ఆట పాడవుతుంది. అందరూ ఒకే దారిలో చూడటం తప్ప దీనికి వేరే మందు లేదు. టీవీ మ్యూట్ చేసి రేడియో కామెంటరీ వినేవాళ్లకు ఇంకో చిక్కు. ఎఫ్ఎం రేడియో మామూలుగా టీవీ కంటే ముందుంటుంది, టీవీని పాజ్ చేస్తే దూరం ఇంకా పెరుగుతుంది. ఇంటర్నెట్ రేడియో మాత్రం తరచూ వెనకపడుతుంది. అప్పుడు పాజ్ సదుపాయం ఉన్న బాక్సులో చిత్రాన్ని అన్ని సెకన్లు ఆపితే రెండూ కలుస్తాయి.

ఇక కదలిక. 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. సెకనుకు 25 ఫ్రేములే (విడి బొమ్మలే) ఇచ్చే ప్రసారంలో అది ఫ్రేముకి మీటరున్నర చొప్పున దూకుతుంది. 50 ఫ్రేములైతే ముప్పావు మీటరు కాస్త దాటుతుంది. బంతి ఎక్కడ పిచ్ అయ్యిందో కంటికి అందడం, అందకపోవడం ఇక్కడే తేలిపోతుంది. అందుకే 25 ఫ్రేముల 4కే కంటే 50 ఫ్రేముల 720పీ ఆటకు ఎంతో మేలు. నాణ్యత ఎంచుకునే వీలున్న యాప్‌లో, నెట్ అంతంతమాత్రమైతే 'ఆటో' వదిలేసి 720పీ దగ్గర కట్టేయండి. నిమిషానికోసారి మసకబారి తేరుకునే చిత్రం కంటే నిలకడగా ఉండే చిన్న చిత్రమే చూడ్డానికి హాయి. 50 ఫ్రేముల పూర్తి హెచ్‌డీకి 8 నుంచి 10 ఎంబీపీఎస్, 4కేకి 25 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే సరిపోతుంది. స్పీడ్ టెస్టులో ఒకసారి కనపడ్డ పెద్ద అంకెను నమ్మకండి. వీలైతే రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగండి.

టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్‌తో యాప్ చూసేవాళ్లకు ఇంకో తిప్పలు. ప్రసారం 50 ఫ్రేములు, స్టిక్ మాత్రం 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములు పంపుతుంటే, ప్రతి ఐదు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు కనపడుతుంది. కెమెరా మైదానం మీదుగా తిరిగేటప్పుడు సన్నని కుదుపు కనపడేది అందుకే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' ఆన్ చేయండి. లేకపోతే చేత్తోనే 50 హెర్ట్జ్‌కు మార్చండి.

టీవీ కంపెనీలు ఇచ్చే మోషన్ స్మూతింగ్ (సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్) లేని ఫ్రేములను ఊహించి మధ్యలో చొప్పిస్తుంది. మైదానం మీద కెమెరా నెమ్మదిగా తిరిగినంతసేపూ అది బాగానే పనిచేస్తుంది. కార్నర్ నుంచి బంతి లేచినప్పుడు చూడండి. గుంపు తలల వెనక నుంచి వచ్చే బంతి చుట్టూ చిరిగినట్టు ఒక అంచు కనపడుతుంది, ఒక్కోసారి రెండు బంతులు, ఒక్కోసారి అసలు బంతే ఉండదు. ఊహించడానికి దానికి దొరికిన ఆధారాలు చాలవు మరి. మెనూలో 'కస్టమ్' ఎంచుకుని డీజడ్డర్ (ఫ్రేములు చొప్పించే స్థాయి) సున్నాకో, ఒకటి రెండుకో దించండి. 'స్పోర్ట్స్' మోడ్ జోలికి పోవద్దు. గడ్డిని సున్నం కలిపిన ఆకుపచ్చలా మార్చేసి, ధ్వనికి దొంగ ప్రతిధ్వని తగిలిస్తుంది. 'స్టాండర్డ్' లేదా 'సినిమా' తీసుకుని వెలుగు పెంచుకోవడం మంచిది. నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి. 2024 టీ20 ప్రపంచ కప్ ఫైనల్ ఆఖరి ఓవర్ మొదటి బంతికి మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టినప్పుడు ప్రపంచమంతా చూసింది అతని బూటుకీ బౌండరీ కుషన్‌కీ మధ్య ఉన్న సన్నని సందునే. మచ్చలు తుడవబోయి అలాంటి సందుల్ని కూడా తుడిచేసేది ఈ నాయిస్ రిడక్షనే.

కూర్చునే దూరం 55 అంగుళాల తెరకు సుమారు రెండుంపావు మీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు. ఎల్‌సీడీ తెర కొనేటప్పుడు పచ్చటి మైదానం నిండిన వీడియో వేయించి చూడండి. కెమెరా తిరిగేటప్పుడు మురికి మరకల్లాంటి నీడలు నిలబడి కనపడితే ఆ టీవీ వద్దనండి, అవి తర్వాత పోయేవి కావు.

ధ్వని విషయంలో చాలా ఇళ్లలో జరిగే నష్టం ఒక్క మీటతో జరుగుతుంది. 'ఆటో వాల్యూమ్', 'నైట్ మోడ్', ఏ పేరుతో ఉన్నా దాని పని పెద్ద శబ్దాన్ని అణచి చిన్నదాన్ని లేపడం. గోలు హోరును కామెంటేటర్ మాటల స్థాయికి దించేస్తుంది. 'క్లియర్ వాయిస్' కూడా జనం గోలనే నొక్కుతుంది. ఈ రెండూ ఆపితే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. అవకాశం వస్తోందని మాటల కంటే ముందు చెప్పేది స్టాండ్స్‌లో లేచే ఆ హోరే. 5.1 (చుట్టూ స్పీకర్లకు విడివిడిగా ధ్వని పంపే) ప్రసారమైతే కామెంటరీ చాలావరకు సెంటర్ స్పీకర్లో ఉంటుంది, దాన్ని రెండు మెట్లు తగ్గిస్తే స్టేడియం దగ్గరికొస్తుంది. స్టీరియోలో ఈ వెసులుబాటు ఉండదు, అక్కడ రెండూ కలిసిపోయి ఉంటాయి. 2010లో దక్షిణాఫ్రికా వువుజెలాల మోత ప్రేక్షకులను విసిగించినప్పుడు, 233 హెర్ట్జ్ చుట్టూ, దాని రెట్టింపుల దగ్గరా కోత పెట్టి తగ్గించగలిగారు, ఎందుకంటే ఆ బూర ఒకే స్వరం మీద మోగుతుంది. మామూలు జనం గోలకు ఆ కిటుకు పనిచేయదు. సౌండ్‌బార్ వాడితే టీవీ వెనక హెచ్‌డీఎంఐ ఈఏఆర్‌సీ అని రాసున్న పోర్టు ద్వారా కలపండి. బ్లూటూత్‌లో బ్యాటు తగిలిన చప్పుడు చిత్రం కంటే వెనక వస్తుంది.

నమ్మకం విషయంలో యాప్‌కి మార్కులు తగ్గించక తప్పదు. అందరూ ఒకే నిమిషంలో లాగిన్ అవ్వడమే దాని బలహీనత. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాలో ఆప్టస్ అనే టెలికాం సంస్థ స్ట్రీమింగ్ మొరాయిస్తే, మిగతా మ్యాచ్‌లు ఎస్‌బీఎస్ టీవీ ఛానెల్‌లో కూడా వేయాల్సి వచ్చింది. అలాగని ఈ పని చేతకాదనీ అనలేం. 2023 క్రికెట్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. మీ వంతుగా ఆట మొదలవడానికి పావుగంట ముందే లాగిన్ అయ్యి, యాప్ అప్‌డేట్ అడిగితే ముందురోజే చేసుకుని, ఎన్ని పరికరాల్లో ఒకేసారి నడుస్తుందో చూసి ఉంచుకోండి.

డిష్‌కి వాన గండం. చిత్రం గళ్లు గళ్లుగా విరిగితే వేరే ఛానెల్ పెట్టండి. అదీ విరిగితే తప్పు వానది, మేఘం దాటేదాకా యాప్‌కి మారండి. మిగతా ఛానెళ్లు శుభ్రంగా ఉంటే లోపం అవతలి వైపుది. 2008 యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్‌లో జర్మనీ, టర్కీ బాసెల్‌లో ఆడుతుండగా వియన్నాలోని ప్రసార కేంద్రం దగ్గర పిడుగుల వాన పడి చాలా దేశాల్లో చిత్రం పోయింది. స్విస్ టీవీకి వేరే లైను ఉండటంతో అక్కడ మాత్రం ఆట కనపడింది, జర్మనీ ఛానెల్ కాసేపు దాని సిగ్నలే తీసుకుంది. అలాంటప్పుడు మేడెక్కి మీ డిష్ కదిపితే ఉన్న అమరిక కూడా పోతుంది.

మొత్తం మీద లైవ్‌కి యాంటెన్నా దొరికితే యాంటెన్నా, లేదంటే డిష్ లేదా కేబుల్. ఫోన్‌లో యాప్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి, కానీ మొదటి దారిగా కాదు.

యాప్ నిజంగా గెలిచేది మర్నాడు చూసేవాళ్ల దగ్గర. అక్కడా ఒక జాగ్రత్త కావాలి. హోం పేజీ తెరవగానే హైలైట్స్ బొమ్మ మీదే ఫలితం రాసి ఉంటుంది. ఫుట్‌బాల్ రీప్లేలో అయితే కింద గీత నిడివి చూసినా కథ తెలిసిపోతుంది, రెండు గంటలకు దగ్గరలో ఉంటే మామూలు ఆట, రెండున్నర దాటితే అదనపు సమయమని అర్థం. సెట్టింగ్స్‌లో 'హైడ్ స్కోర్స్' ఉంటే ముందురోజే ఆన్ చేయండి. లేకపోతే హోం పేజీకి పోకుండా సెర్చ్‌లో జట్ల పేర్లు, 'ఫుల్ మ్యాచ్' అని కొట్టి తెరవమని స్కోరు తెలిసిన మనిషికి రిమోట్ ఇచ్చి, గీత మాయమయ్యాక మీరు తెర ముందుకు రండి.