పెట్రోలు కారా, ఈవీనా: కిలోమీటరుకు అసలు ఎంత పడుతుంది?

"ఈవీకి, అంటే ఎలక్ట్రిక్ కారుకు, కిలోమీటరుకు రూపాయేనట కదా?" కారు కొనబోయేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. రూపాయి కావచ్చు, నాలుగు రూపాయలూ కావచ్చు. కరెంటు ఏ మీటరు నుంచి వస్తోందో చూడకుండా ఈ లెక్క తేలదు.

ముందు పెట్రోలు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగే చిన్న ఎస్‌యూవీ లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తే బాగా ఇచ్చినట్టే. బ్రోచర్‌లోని మైలేజీని నమ్ముకోవద్దు. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నింపేదాకా తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే అసలు మైలేజీ. లీటరు 107 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకు 8.23, నెలకు వెయ్యి కిలోమీటర్లకు 8,230 రూపాయలు.

అదే సైజు ఈవీ ఊళ్లో యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తున్నట్టు డ్యాష్‌బోర్డు చూపిస్తుంది. అది బ్యాటరీలోంచి ఖర్చయిన కరెంటు మాత్రమే. ఇంటికి వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటు బ్యాటరీకి కావలసిన డైరెక్ట్ కరెంటుగా (డీసీ) మారేటప్పుడు కొంత వేడిగా పోతుంది, ఎండాకాలంలో బ్యాటరీని చల్లబరచడానికి ఇంకొంత. 10 నుంచి 15 శాతం కలుపుకోవాలి. అంటే వెయ్యి కిలోమీటర్లకు మీటరు తిరిగేది 143 యూనిట్లు కాదు, సుమారు 161.

ఇక స్లాబుల దగ్గరికి, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే కరెంటు రేట్ల దగ్గరికి వద్దాం. చాలామంది మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు తీస్తారు. అది తప్పు, కారు వల్ల పెరిగిన బిల్లునే చూడాలి. తెలంగాణలో 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, మిగతా 80కి 4.80 చొప్పున 724 రూపాయలు. కారు యూనిట్లు కలిస్తే 341. 200 దాటగానే మొదటి 200 యూనిట్ల రేటు కూడా 5.10 అవుతుంది, ఆపై వందకు 7.70, మిగిలిన 41కి 9 రూపాయలు. మొత్తం 2,159. కారు ఖర్చు 1,435, అంటే యూనిట్‌కు దాదాపు 8.90, కిలోమీటరుకు 1.43. ఆంధ్రప్రదేశ్‌లో స్లాబులు వేరైనా, 225 యూనిట్లు దాటితే రేటు 8.75 కాబట్టి పెద్ద తేడా రాదు. స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు వీటికి అదనం.

అందుకే విడి మీటరు తీసుకోమంటాను. 2024లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ ఛార్జింగ్‌కు వేరే కనెక్షన్ అడగవచ్చు. తెలంగాణలో ఈవీ ఛార్జింగ్ కేటగిరీకి యూనిట్ 6 రూపాయలు. స్థిర ఛార్జీ పక్కన పెడితే వెయ్యి కిలోమీటర్లకు 966, పైగా ఇంటి వాడకం 200 యూనిట్ల లోపే ఉంటుంది.

వైరింగ్‌లో పొదుపు పనికిరాదు. 15 ఆంప్స్ సాకెట్‌కు మీటరు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగించాలి. పాత సన్న వైరు మీద రాత్రంతా 3 కిలోవాట్లు లాగితే ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఛార్జర్ మొదలే కాదు. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్‌కైతే (గోడకు బిగించే ఛార్జర్) మంజూరైన లోడు పెంచుకోవాలి.

హైవే మీద కథ మారుతుంది. గంటకు వంద వేగంలో ఈవీ యూనిట్‌కు 6 కిలోమీటర్లకు పడిపోతుంది, పెట్రోలు కారు 18కి ఎక్కుతుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర జీఎస్టీతో యూనిట్ 24 రూపాయలైతే కిలోమీటరుకు 4, పెట్రోలుకు 5.94. మిగిలేది రెండు రూపాయలే.

సీఎన్‌జీ (గ్యాసు) కార్లు, హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ ఉన్న) కార్లు ఖర్చులో పెట్రోలుకూ ఈవీకీ మధ్యలో ఉంటాయి. ఇంట్లో ఛార్జింగ్ కుదరనివాళ్లు చూడదగ్గవి అవే.

ఈవీకి 3 లక్షలు ఎక్కువ పెట్టారనుకుందాం. ఊళ్లో నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, పై లెక్కన ఇంటి మీటరు మీదే ఛార్జ్ చేస్తే 44 నెలల్లో తిరిగొస్తుంది. అంతా ఫాస్ట్ ఛార్జర్ మీదే నడిపితే 60 నెలలు దాటుతుంది. ఇంట్లోనే ఛార్జ్ చేసినా నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే 90 నెలలు. ఈ మూడో రకం వాళ్లకు నేను పెట్రోలు కారే చెబుతాను. మొదటి రకం వాళ్లకు మాత్రం ఈవీయే, అదీ విడి మీటరుతో.