గోపాల్‌పూర్‌లో పోయిన మీసం

ముందే చెప్పేస్తున్నా, ఒడిశాలోని గోపాల్‌పూర్ సముద్రం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా కోపమంతా అక్కడి ఒక స్విమ్మింగ్ పూల్ మీద, అందులో స్కూబా రిఫ్రెషర్ (నీటి అడుగున ఈదే విద్యని మళ్ళీ ఒకసారి సాధన) చేయిస్తానన్న మనిషి మీద, ఇంకా కిటికీ తెరిస్తే నీళ్ళ ట్యాంకు కనబడే 'సీ వ్యూ' గది మీద.

మాది పర్లాకిమిడి. మూడేళ్ళ కిందట అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబాలో మొదటి మెట్టు) చేశాను, మళ్ళీ జనవరిలో వెళ్దామని టికెట్లు తీశాం. ఈలోగా వైజాగ్‌లో తెలిసినాయన దగ్గర వాడిన రెగ్యులేటరు (ట్యాంకులోని గాలిని నోటికి అందించే పరికరం) 14,000కి దొరికితే కొనేశాను. అద్దె సామానుతో విసిగిపోయి ఉన్నాను, సొంతది ఉంటే ఆ సుఖమే వేరని నా నమ్మకం. అండమాన్ వెళ్ళేముందు ఒకసారి నీళ్ళలో పెట్టి చూద్దామని వెతికితే, గోపాల్‌పూర్ దగ్గర ఒక రిసార్టు పూల్‌లో మనిషికి 1,500 చొప్పున గంటసేపు చేయిస్తారని తెలిసింది. బావగారు, మేనల్లుడు బయల్దేరారు. బావగారికి స్కూబా అంటే ఏమిటో అక్కర్లేదు, ఆయన తారా తరిణి కొండ మీది అమ్మవారి కోసం వచ్చారు.

పలాస మీదుగా హైవే ఎక్కి ఇచ్ఛాపురంలో టిఫిన్ చేసి ముందు కొండకే వెళ్ళాం. 999 మెట్లు చూసి బావగారు రోప్‌వే అన్నారు. దర్శనం బాగా జరిగింది.

మధ్యాహ్నం లాడ్జికి చేరాం. మామూలు గది 1,400, సీ వ్యూ అయితే 1,800 అన్నాడు కౌంటర్లో కుర్రాడు. సరే 400 ఏముందిలే అని ఇచ్చాం. పైకెళ్ళి కిటికీ తీస్తే ఎదురుగా నల్లటి సింటెక్స్ ట్యాంకు, దాని వెనకాల ఇంకో లాడ్జి గోడ. కిందికి దిగి అడిగితే "మేడ మీదకెళ్తే కనబడుతుంది సార్" అన్నాడు. మేడ మీదకెళ్తే మామూలు గది వాళ్ళకీ కనబడుతుంది కదా బాబూ! కుళాయి తిప్పితే నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగ రాదు. బావగారి మొహం అప్పుడే మాడింది. గోపాల్‌పూర్‌లో గది చూడకుండా, కుళాయి తిప్పి నాలిక మీద ఒక చుక్క వేసుకోకుండా డబ్బులు కట్టొద్దు.

ఇక పూల్ సంగతి. ఎనిమిదడుగుల లోతు. మోకాళ్ళ మీద కూర్చుని మొదటి ఊపిరి తీసుకున్నాను, గాలితోపాటు ఒక చెంచాడు క్లోరిన్ నీళ్ళు వచ్చాయి. లోపలి నీళ్ళని గాలితో తోసేసే పర్జ్ బటన్ నొక్కి బయటికి తోశాను. రెండో ఊపిరికీ అంతే. నాలుగో ఊపిరికి దగ్గుకుంటూ పైకొచ్చేశాను. తలకిందులుగా ఉంటే ఏ రెగ్యులేటరైనా కాస్త తడుస్తుంది, ఎందుకంటే నీళ్ళు బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ అప్పుడు పైకి వస్తుంది. నేను నిటారుగా కూర్చున్నాను కదా, మరి ఎందుకొస్తున్నాయి?

ఆ మాటే ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాను. రెగ్యులేటరు చేతిలోకైనా తీసుకోలేదాయన. నా మొహం చూసి "మీసం సార్, మీసం సందులోంచి వస్తున్నాయి, పెదాలు గట్టిగా బిగించాలి" అన్నాడు. పక్కనున్న కుర్రాడు "ఠిక్ అఛి, ఠిక్ అఛి" (సరిగ్గా చెప్పారు) అని ఒడియాలో అంటూ తలూపాడు. మీసం వల్ల మాస్కు అడుగున నీళ్ళు దూరతాయని నాకు తెలుసు, నోట్లోకి ఎందుకు వస్తాయని ఆలోచించాల్సింది. కానీ టెన్షన్‌లో ఉన్న మనిషికి ఎవరో ఒకరు ధీమాగా చెప్తే చాలు కదా. గంట అయిపోయిందన్నారు. నిజానికి నలభై నిమిషాలు కూడా కాలేదు. నాకూ మేనల్లుడికీ కలిపి 3,000, గాలి ట్యాంకు అద్దె అని, ముందు చెప్పకుండా, ఇంకో 600 పట్టారు.

దారిలో ఒక సెలూన్ కనబడింది. అరవై రూపాయలు. ఇరవై ఏళ్ళ మీసం నాలుగు నిమిషాల్లో పోయింది.

గదికొచ్చేసరికి బావగారు మంచం మీద నుంచి లేచి కూర్చున్నారు. "ఇదేం పని? మామయ్యగారు నిక్షేపంలా ఉండగా మీసం తీయించుకోవడమేమిటి? మీ అక్కకి తెలిస్తే నన్ను అంటుంది!" నాకూ అప్పుడే గుర్తొచ్చింది. అమ్మ చూస్తే ఏడుస్తుంది. ఆ రాత్రి ఆయన నాతో ఇక మాట్లాడలేదు.

నిద్ర పట్టక రెగ్యులేటరు బయటికి తీశాను. కోర్సులో నేర్పిన పరీక్ష ఒకటి గుర్తుంది, దీనికి నీళ్ళూ ట్యాంకూ ఏవీ అక్కర్లేదు. ఫస్ట్ స్టేజీకి (ట్యాంకుకి తగిలించే భాగం) డస్ట్ క్యాప్ బిగించి, సెకండ్ స్టేజీ (గొట్టం చివర నోటికి పెట్టుకునే డబ్బా) నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చాలి. గొట్టంలో మిగిలిన కాస్త గాలి వచ్చి ఆగిపోవాలి, ఆ తర్వాత నాలికకి అంటుకుపోయినట్టు ఖాళీ నిలబడాలి. నేను పీలిస్తే గాలి సుబ్బరంగా వస్తూనే ఉంది. గాలి వచ్చే చోటునుంచే నీళ్ళూ వస్తాయి. అంటే మీసానికీ దీనికీ సంబంధం లేదు, డబ్బాకే ఎక్కడో చిల్లు ఉంది.

అడుగున ఎగ్జాస్ట్ గొట్టాన్ని అరచేత్తో మూసి మళ్ళీ పీల్చమన్నాడు మేనల్లుడు. (వాడు డిప్లొమా మెకానికల్, సెలవులకి వచ్చాడు.) కారడం సగం తగ్గింది. సరే, దొంగ అక్కడే ఉన్నాడని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే ఆ గొట్టం మెత్తబడి ఊడింది. లోపల పుట్టగొడుగు ఆకారంలో పల్చటి సిలికాన్ వాల్వ్. దాని అంచు కింద ఒక ఇసుక రేణువు, ఒక వెంట్రుక. నాది కాదు, వైజాగ్ ఆయనది అయ్యుండాలి. మెత్తని టూత్‌బ్రష్‌తో తుడిచాం. తోక పట్టుకుని లాగొద్దు, తెగిందంటే ఆ ముక్క ఇక్కడెక్కడా దొరకదు.

మళ్ళీ పీల్చాను, ఇంకా కొద్దిగా వస్తోంది. డబ్బా ముందువైపు మూత తిప్పి, లోపలి డయాఫ్రం (గుండ్రటి పల్చటి పొర) తీసి ఫోన్ టార్చికి అడ్డంగా పెట్టి చూశాం, ఎక్కడా సూదిబెజ్జం లేదు. దాన్ని తిరిగి అంచు ముడత పడకుండా కూర్చోబెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. లోపలి లివరు జోలికి మేం పోలేదు, మీరూ పోకండి. ఫస్ట్ స్టేజీ అయితే అసలు ముట్టుకోవద్దు, 200 బార్ల ట్యాంకు గాలిని పది బార్ల దగ్గరికి దించేది అదే, దాన్ని సర్వీసు తెలిసినవాడికే ఇవ్వాలి.

చివరికి దొరికింది పళ్ళతో పట్టుకునే మౌత్‌పీసులో. పైకి చూస్తే బాగానే ఉంది. మేనల్లుడు దాన్ని పక్కకి వంచి "మామయ్యా, ఇదిగో" అన్నాడు. దాన్ని డబ్బాకి బిగించే ప్లాస్టిక్ టై కింద, బియ్యపు గింజంత చీలిక. వంచితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. నేను పళ్ళతో పట్టుకుని బిగించిన కొద్దీ, అంటే ఆ మహానుభావుడు చెప్పినట్టు చేసిన కొద్దీ, అది ఇంకా తెరుచుకుంది! టై కోసేసి, ఆక్టోపస్ (అవసరానికి ఉండే రెండో సెకండ్ స్టేజీ) మౌత్‌పీసు తీసి దీనికి తొడిగి పీల్చాను. నాలిక అంటుకుపోయింది. రాత్రి ఒంటిగంటకి మేమిద్దరం అరిచిన అరుపుకి బావగారు దుప్పటి ముసుగు తీసి, నా మొహం చూసి, మళ్ళీ ముసుగేసుకున్నారు.

పొద్దున్న రిసార్టుకెళ్ళి చీలిక చూపించాను. చూశాడు. "సెకండ్ హ్యాండ్ కొంటే అంతే సార్" అన్నాడు. ఒక్క నిమిషం పీల్చి చూసే పని ఆయన నిన్న చేసి ఉండాల్సింది, ఇంకెవరినైనా దింపేముందైనా చెయ్యమన్నాను. డబ్బు వెనక్కి అడిగితే నవ్వాడు. మళ్ళీ దిగాలంటే ఇంకో 1,500 అన్నాడు. మాట్లాడకుండా వచ్చేశాను.

ఆ ఉక్రోషంలో బీచ్‌లో నడుస్తుంటే పడవల పక్కన పాకలో ఒకావిడ చేపలు వేపుతోంది. గోపాల్‌పూర్ నోలియాల (అక్కడి జాలర్ల) ఇళ్ళలో తెలుగే. "ఏటి బాబూ, అలా మొహం ఏలాడేసుకున్నారు, కూకోండి" అంది. వేడన్నం, చింతపండు చిక్కగా పడిన కవళ్ళ పులుసు, మనిషికి 120. బావగారు మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, మొదటిసారి నా మొహంలోకి చూసి "ముల్లు చూసుకో, అడ్డుకోడానికి మీసం కూడా లేదు" అన్నారు. అప్పుడు తేలికైంది నాకు.

వెనక్కి వస్తూ బరంపురం పెద్ద బజారులో అప్పడాలు, ఆవకాయ కొన్నాం. ఎలక్ట్రికల్ షాపులో సన్నటి టైల ప్యాకెట్టు అరవై రూపాయలు. కొత్త మౌత్‌పీసు 450 పెట్టి తెప్పించాను, ఆక్టోపస్‌ది ఆక్టోపస్‌కి తిరిగి తొడిగాను. టై బిగించాక మిగిలిన తోకని నెయిల్ కట్టర్‌తో మొదలంటా కత్తిరించాలి, లేకపోతే పైపెదవికి గుచ్చుకుంటుంది. నాకు గుచ్చుకుంది.