ఆదివారం చూస్తే తెలియదు: నెల్లూరు హోమ్‌లో అమ్మ రెండున్నరేళ్లు

ఈ వృద్ధుల హోమ్ పేరు రాయడం లేదు. నెల్లూరు ఊరి బయట, హైవేకి దగ్గర్లో మూడంతస్తుల బిల్డింగ్, నలభై మంచాలు. కుడి పక్క పక్షవాతం వచ్చాక అమ్మ 2022 జూన్ నుంచి 2025 జనవరి దాకా అక్కడే ఉంది. మొదట్లో నెలకు 18 వేలు, చివరికి 23 వేలు. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ వేరే. నేను ఒంగోలులో టీచర్ని. ఆదివారం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, సాయంత్రం అదే బండికి తిరిగొచ్చేదాన్ని.

తిండికి వంక పెట్టలేను. చేపల పులుసు చేసిన రోజు అమ్మకు ముల్లు తీసి, అన్నం మెత్తగా పిసికి పెట్టేవాళ్లు. గదులు శుభ్రం, లిఫ్ట్ ఉంది, కరెంటు పోతే జనరేటర్. చేర్పించే ముందు నేను చూసుకున్నవి కూడా ఇవే. ఒంటి మీద చెయ్యి వేసి చేసే పనులు ఎవరు చేస్తారు, ఎన్నింటికి చేస్తారు అని అడగాలని తట్టలేదు.

అక్కడ నీళ్లు పోసేది తెల్లవారుజాము నాలుగున్నరకి. పగటి డ్యూటీ వాళ్లు ఆరింటికి వచ్చేలోపు రాత్రి ఉన్న ఇద్దరు ఆయాలు పన్నెండు మందికి స్నానాలు కానివ్వాలి. ధనుర్మాసం చలిలో నిద్రలో ఉన్న మనిషిని లేపి బాత్రూమ్‌కి తీసుకుపోతే ఎలా ఉంటుంది? మూడు నెలలు పోరాక వారానికి మూడు రోజులు తొమ్మిదింటికి స్నానం, మిగతా రోజులు తడిబట్టతో తుడవడం అని ఒప్పుకున్నారు. ఆ మార్పుకే అమ్మ ముఖం తేటపడింది. కొన్నాళ్లకు మళ్లీ నాలుగున్నరే అయింది, నేను మళ్లీ గొడవపడ్డాను.

ఈ మాత్రమైనా బాగుందంటే బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ఆటోలో వచ్చే ఒక ఆయా వల్ల. నీళ్లు తన మోచేతి మీద పోసుకుని వేడి చూశాకే అమ్మ మీద పోసేది. నైటీ తొడిగేటప్పుడు ముందు పడిపోయిన కుడి చెయ్యి, విప్పేటప్పుడు అది చివర. డైపర్ మార్చే ముందు కర్టెన్ లాగేది, "అవ్వా, పక్కకి తిప్పుతుండా" అని చెప్పి మరీ తిప్పేది. చెప్పకుండా ముట్టుకుంటే అమ్మ ఉలిక్కిపడుతుందని నాకు ఆమే చెప్పింది. నెలకు రెండు వేలు ఎక్కువిస్తామంటే హాస్పిటల్ పనికి వెళ్లిపోయింది. తప్పు పట్టలేను, నేనైనా వెళ్లేదాన్నే.

ఆ తర్వాత ఐదు నెలల్లో ఏడుగురు మారారు. ఒకామె పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపింది, భుజం నొప్పి నెలరోజులు తగ్గలేదు. చివరికి పెద్ద అక్షరాలతో కాగితం రాసి మంచం పైన గోడకు అంటించాను: కుడి చెయ్యి పట్టి లేపొద్దు, నీళ్ల గ్లాసు ఎడమ చేతికి అందేలా పెట్టండి, తల దువ్వాక అద్దం చూపించండి.

ఆ కాగితం ఉండగానే ఒక ఆదివారం వెళ్లేసరికి అమ్మ జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. "పేలు పడినాయి మా" అన్నారు. అమ్మ ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఎడమ చేత్తో మెడ వెనక తడుముకుంటూ కూర్చుంది. ఫీజు కోసం అయిదో తారీఖున ఠంచనుగా ఫోన్ చేసేవాళ్లు, జుట్టు కోసే ముందు ఒక్క ఫోన్ చేయలేకపోయారు.

ఒకసారి స్కూలు పని మీద నెల్లూరు వెళ్లి, బుధవారం సాయంత్రం ఏడింటికి చెప్పకుండా హోమ్‌కి పోయాను. ఆదివారం పదింటికి వెళ్తే అమ్మ స్నానం చేసి, పౌడరు రాసుకుని, ఉతికిన నైటీలో ఉండేది. ఆ రోజు డైపర్ బరువెక్కి జారిపోయి ఉంది. నడుం కింద ఎముక దగ్గర చర్మం ఎర్రబడి ఉంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు. పుండు మొదలయ్యేది అలాగే. రెండు గంటలకోసారి పక్క మార్చినట్టు టిక్కులు పెట్టే చార్టు గోడకు వేలాడుతోంది. ఎనిమిదింటికీ, పదింటికీ కూడా టిక్కులు పడి ఉన్నాయి. టైము ఇంకా ఏడుంబావే!

ఆ రాత్రే పొగతోటలో సర్జికల్ షాపుకెళ్లి, పుండ్లు పడకుండా వేసే, మోటారుతో గాలి నిండే ఎయిర్ బెడ్ కొన్నాను. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేస్తానని మేనేజర్‌తో అన్నాక పక్క మార్చడం నిజంగానే జరిగింది, మూడు వారాల్లో ఎరుపు పోయింది. ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చాల్సిందే. పైగా ఒకసారి ఎవరో దాని మోటారు ప్లగ్ తీసి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అర్ధరాత్రి అమ్మకు జ్వరం ముదిరితే వాళ్లే కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లి, నేను వచ్చేదాకా ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టారు. దానికి డబ్బులు అడగలేదు.

తిండికి ఐదుకు నాలుగు ఇస్తాను. ఒంటి సేవకు రెండు, ఆ ఆయా ఉన్న రోజులకైతే నాలుగున్నర. మీరు చూడటానికి వెళ్తే డైనింగ్ హాలు తర్వాత చూడొచ్చు. ముందు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, ఇప్పుడున్న ఆయా ఎన్నాళ్లుగా పనిచేస్తోందో అడగండి. రెండోది మేనేజర్‌ని కాదు, ఆయానే అడగండి.

జనవరిలో ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సులో ఆరు వేలు పెయింటింగ్ కింద పట్టుకున్నారు. ఎయిర్ బెడ్ "ఇక్కడే ఉంచండి మా, ఎవరికైనా పనికొస్తది" అన్నారు. నేను మడిచి ఒంగోలు తెచ్చుకున్నాను.