సంభావ్యత: పౌనఃపున్యమా, నమ్మకమా? ఏది మేలు?

నవంబరు వస్తే నెల్లూరు, ఒంగోలు పాఠకులది ఒకటే ప్రశ్న: "తుపాను మన దగ్గర తీరం దాటే అవకాశం 60 శాతం అంటారు. దాటితే దాటుతుంది, లేకుంటే లేదు. మధ్యలో ఈ 60 ఏమిటి?"

ఫాన్ మీజెస్ వంటి పౌనఃపున్యవాదులకు సంభావ్యత అంటే సుదీర్ఘమైన వరుసలో ఒక ఘటన ఎన్నిసార్లు జరుగుతుందన్న నిష్పత్తి. బీమా సంస్థకు ఇది చాలు. ఎవరు పోతారన్నది దానికి అక్కర్లేదు, ఎందరన్నదే కావాలి. ఒక వ్యక్తి ఏడాదిలోగా మరణించే సంభావ్యత అనే మాటకు అర్థమే లేదని మీజెసే తేల్చేశాడు. కావలి దగ్గర రొయ్యల చెరువు వేసిన రైతుకు కావలసింది మాత్రం సరిగ్గా అదే: ఈ తుపాను, ఈ చెరువు.

పోనీ, వరుస కడదామంటే ఏ వరుస? బంగాళాఖాతంలో పుట్టిన నవంబరు తుపానులన్నీనా? అలాగైతే 1989 నవంబరులో కావలి దగ్గర విరుచుకుపడిన 'గే' లెక్కలోకే రాదు. అది పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో. తీవ్రమైనవాటినే తీసుకుంటే ఇంకో శాతం వస్తుంది. నమ్మదగిన లెక్కలు దొరికే వాటిలో అతి చిన్న వర్గాన్ని తీసుకోమన్నాడు మరో పౌనఃపున్యవాది రైషెన్‌బాఖ్. నమ్మదగినదని తేల్చేదెవరు? పౌనఃపున్యవాదులు వద్దన్న సొంత అంచనాయే ఇక్కడ దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. నా తూకం నమ్మకం వైపు మొగ్గేది ఇక్కడే.

గణితవేత్తలు రామ్సే 1926లో, ఆ తర్వాత డి ఫినెట్టి, సంభావ్యత అంటే పందెం ఒడ్డి చూపగల నమ్మకమేనని బాహాటంగా అన్నారు. అలాగని నోటికొచ్చిన అంకె చెప్పడం కుదరదు. దాటుతుందని 60, దాటదని 60 అన్నవాడికి గెలిస్తే వంద రూపాయలిచ్చే పందెం చీటీలు రెండూ చెరో 60కి అమ్మండి. 120 పెట్టి 100 తెచ్చుకుంటాడు.

అంకెలు ఒకదానితో ఒకటి పొసిగినంత మాత్రాన నమ్మకం నిజం కాదు కదా అంటారు. న్యాయమైన అభ్యంతరమే. అందుకు 1950లో వాతావరణ శాస్త్రవేత్త బ్రయర్ చూపిన కొలత ఉంది: జరిగితే 1, లేకుంటే 0 అనుకొని, చెప్పినదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను వర్గం చేసి, సగటు కట్టడం. 70 శాతం అన్నాక వాన పడితే 0.09, పడకపోతే 0.49, సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. తనిఖీ దగ్గర పాత వరుసలే మళ్ళీ అక్కరకు వస్తాయి, ఒప్పుకుంటాను.

సంభావ్యతకు ఇతరులు చెప్పిన అర్థాలూ ఉన్నాయి. లాప్లాస్ సమాన అవకాశాలు పాచికలకు సరి. ఆధారానికీ తీర్మానానికీ మధ్య కీన్స్ చూపిన తార్కిక సంబంధంలోంచి అంకె రాబట్టడం కష్టం. పరిస్థితిలోనే ఉంటుందని పాపర్ చెప్పిన సహజమైన మొగ్గు పరమాణువులకు పనికొస్తుందేమో.

ఇక చెరువు సంగతి. ముందే పట్టుబడి చేస్తే రెండు లక్షలు తగ్గుతుంది, ఆగితే తుపానుకు ఐదు లక్షలు పోతుంది అనుకుందాం. రెండును ఐదుతో భాగిస్తే గీత 40 శాతం దగ్గర పడుతుంది: అవకాశం అంతకు మించితే ముందే పట్టడం మేలు. 60 అన్నవారి పాత అంచనాలు ఎంతవరకు నిలిచాయో కనుక్కోండి. బాగానే నిలిచి ఉంటే వల దించండి.